శని ఆదివారాలు పిల్లల పుస్తకాల మారథాన్‌లో చేరాలంటే ఎట్టా

మారథాన్ అంటే ఆ రెండ్రోజులూ పిల్లల పుస్తకాలు పట్టుబట్టి చదవడమే. ముందు ఎన్ని గంటలు చదవాలో ఫిక్స్ చేసుకోండి, ఇన్ని పుస్తకాలని లెక్క పెట్టుకోబాకండి, ఎందుకంటే లెక్క పెట్టుకుంటే సన్న పుస్తకాలే ఏరుకుంటారు, కథ తలకెక్కదు. రెండ్రోజులకీ కలిపి 8 గంటలు అనుకుంటే ఉద్యోగాలు చేసేవాళ్లకి కూడా కుదురుతుంది.

పుస్తకాలు గురువారానికే రెడీగా ఉండాల. నెల్లూరు, ఒంగోలు వాళ్లకి జిల్లా గ్రంథాలయం ఉంది, కందుకూరు, కావలి వాళ్లు దగ్గర్లో శాఖా గ్రంథాలయం చూసుకోండి. దొరక్కపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్లో తెలుగు కథలు ఫ్రీగా ఉన్నాయి, చదవడం ఎంత సులువో కష్టమో బట్టి 1 నుంచి 4 దాకా లెవెల్స్, ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ పోయినా బాధ లేదు. ఇంట్లో పాత చందమామలుంటే ఇంకేం గావాల, 1947లో మొదలైన పత్రిక, ఒక్కో సంచిక ఒక పూట గడిపేస్తది.

వరసగా లావు పుస్తకాలు పెట్టుకోబాకండి, ఒక నవల తర్వాత రెండు బొమ్మల పుస్తకాలు. బొమ్మల పుస్తకం మాత్రం పైకి చదవాల్సిందే, పక్కన పిల్లోడుంటే ఇంకా మంచిది. లైను కింద వేలు పెట్టి మెల్లగా జరపండి, పేజీ తిప్పేముందు ఆగి "ఇప్పుడేమవద్దిరా?" అని అడగండి, వాడు బొమ్మలో మూలనున్న పిల్లిని కూడా చూపిస్తాడు, మనకి కనపడనే కనపడదు అది.

ఎండాకాలమైతే మధ్యాన్నం పడుకోండి, పొద్దున్నే, రాత్రి చదవండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. చదివిన ప్రతి పుస్తకానికీ పేరు, నచ్చిన ఒక్క ముక్క నోట్‌బుక్‌లో రాసుకోండి, సోమవారం పక్కింటి పిల్లలకి ఏది ఇవ్వాలో దాన్ని చూసే చెప్పొచ్చు.