ఓట్లు ఎక్కువ, సీట్లు తక్కువ: 1951 బ్రిటన్ ఫలితాన్ని కాగితం మీద విప్పే పద్ధతి

నల్లగొండలోనో పాలమూరులోనో డిగ్రీకి, గ్రూప్స్‌కు చదువుకునేవాళ్లు 1951 అక్టోబర్ 25 నాటి బ్రిటన్ ఎన్నికల దగ్గర చేసే తప్పు ఒకటుంది. చర్చిల్ ప్రధాని అయ్యాడు కదా, ఆయన కన్జర్వేటివ్ పార్టీకే ఎక్కువ ఓట్లు వచ్చి ఉంటాయని రాసేస్తారు. నిజానికి ఎక్కువ ఓట్లు వచ్చింది గద్దె దిగిన ప్రధాని అట్లీ లేబర్ పార్టీకి.

కాగితం మీద నాలుగు గడులు గీయండి: పార్టీ, ఓట్లు, సీట్లు, సీటుకు సగటు ఓట్లు. అంకెలు లక్షల్లోనే వేయండి, మిలియన్లలోంచి మార్చేటప్పుడు సున్నా జారిపోతుంది. లేబర్‌కు 139.49 లక్షలు, 295 సీట్లు. కన్జర్వేటివ్‌లకు మిత్రులతో కలిపి 137.18 లక్షలు, 321 సీట్లు. లిబరల్స్‌కు 7.3 లక్షలు, 6 సీట్లు. మిగిలినవి 3. సీట్ల మొత్తం 625 రావాలి, రాకపోతే ఎక్కడో మిత్రపక్షాలను వదిలేసినట్టే. 321లోంచి మిగతా 304 తీసేస్తే 17, అదే చర్చిల్ మెజారిటీ. ఇక భాగించండి. లేబర్‌కు సీటుకు సుమారు 47,300 ఓట్లు, కన్జర్వేటివ్‌లకు 42,700, లిబరల్స్‌కు 1.2 లక్షల పైన.

ఎందుకిలా అన్నది చిన్న లెక్కతో తేలుతుంది. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్ మూడు సీట్లు, ఒక్కోచోట లక్ష ఓట్లు అనుకోండి. మొదటి పార్టీకి వరుసగా 70, 45, 45 వేలు. రెండో పార్టీకి 30, 55, 55 వేలు. మొదటిది 20 వేల ఓట్లు ఎక్కువ తెచ్చుకుని ఒక్క సీటుతో మిగిలింది. లేబర్ ఓట్లు బొగ్గుగనుల ప్రాంతాల్లో, కార్మికవాడల్లో ఇలాగే గుట్టగా పడ్డాయి. గెలవడానికి ఎదుటివాళ్లకంటే ఒక్క ఓటు ఎక్కువైతే చాలు, ఆపైన పడిన ప్రతి ఓటూ సీటు లెక్కలో వృథానే. దీనికి తోడు ఉత్తర ఐర్లండ్‌లో కన్జర్వేటివ్ మిత్రులకు 4 సీట్లు పోటీ లేకుండానే వచ్చాయి. అక్కడ సీట్లున్నాయి గానీ ఓట్లు లేవు, సగటు వేసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

లిబరల్స్ గడిని మాత్రం తేలిగ్గా దాటకండి. 1950 ఫిబ్రవరిలో వాళ్లు 475 మందిని నిలబెడితే 319 మందికి డిపాజిట్ దక్కలేదు. ఒక్కొక్కరికి 150 పౌండ్లు. చేతిలో డబ్బు అయిపోయి 1951లో 109 మందినే దింపారు. అభ్యర్థి లేనిచోట ఆ ఓటర్లలో ఎక్కువమంది కన్జర్వేటివ్‌ల వైపు మొగ్గారు. 1950లో అట్లీకి ఉన్న మెజారిటీ 5 మాత్రమే, కాబట్టి ఈ కొద్దిపాటి మొగ్గే ప్రభుత్వాన్ని మార్చింది.

ప్రభుత్వ మార్పిడిని తేదీలతో రాయండి. 26న ఓటమి ఖాయం కాగానే అట్లీ రాజు ఆరవ జార్జికి రాజీనామా ఇచ్చారు. అదే రోజు రాజు చర్చిల్‌ను పిలిచారు. సభలో బలపరీక్ష జరిగిందని రాస్తే మార్కు పోతుంది. స్పష్టమైన మెజారిటీ ఎదుటివాళ్లకు వస్తే సభ కోసం ఆగకుండా దిగిపోవడం అక్కడి ఆనవాయితీ.

పోలికకు చాలామంది 1952 నల్లగొండను తెస్తారు. అక్కడ రావి నారాయణరెడ్డికి 3,09,162 ఓట్లు, ఉత్తరప్రదేశ్‌లోని తన నియోజకవర్గంలో నెహ్రూకు 2,33,571. వీళ్లిద్దరి మధ్య పోలిక సరైనదే, ఎందుకంటే రెండూ ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు, ప్రతి ఓటరుకూ రెండేసి ఓట్లు. అదే అంకెను బ్రిటన్‌లోని ఒక్క సభ్యుడి సీటు పక్కన పెడితే లెక్క చెడుతుంది. నల్లగొండలో పడిన మొత్తం ఓట్లను ఓటేసిన మనుషుల సంఖ్యగానూ తీసుకోకూడదు, ఇద్దరికీ వేసినవాళ్లు రెండుసార్లు లెక్కకొస్తారు. అందుకే నల్లగొండ పేరు పక్కన బ్రాకెట్‌లో ‘ఇద్దరు సభ్యులు’ అని రాసుకున్నాకే అంకె వేయండి.