‘ఇన్ ద మూడ్’ వినడం ఎలా (అయిపోయిందనుకుని ఆపేయకుండా)

అమెరికాలో గ్లెన్ మిల్లర్ అనే ఆయన బ్యాండు వాయించిన ‘ఇన్ ద మూడ్’ మీరు పేరు తెలీకుండానే ఎక్కడో వినుంటారు. 1940ల అమెరికా అని చూపించాలంటే వెనకాల వేసేస్తారు చూడండి, శాక్సఫోన్లన్నీ కలిసి గెంతుతున్నట్టుండే ట్యూను, అదే. నేను కాలేజీ రోజుల్లో మొదటిసారి విన్నప్పుడు చివర్లో సౌండు తగ్గిపోతుంటే సరే అయిపోయిందని ఇయర్‌ఫోన్స్ పీకేశా, అలా ఒకసారి కాదు, నాలుగైదు నెలలు ప్రతిసారీ అక్కడే ఆపేసేవాణ్ణి. అసలు సంగతంతా ఆ తర్వాత ఉందని తెలిసిన రోజు నన్ను నేనే తిట్టుకున్నా. అందుకే ఇది రాస్తున్నా. సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు, ఓ అరగంట టైము, మూడునాలుగుసార్లు వినే ఓపిక ఉంటే చాలు.

ముందు సరైన రికార్డింగు పట్టుకోండి, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మనక్కావల్సింది 1939 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రికార్డు చేసింది, బ్లూబర్డ్ లేబుల్ మీద వచ్చింది. బ్లూబర్డ్ అంటే ఆర్‌సీఏ విక్టర్ వాళ్ళ చవక లేబుల్, మామూలు రికార్డు 75 సెంట్లుంటే ఇది 35కే వచ్చేది. మిల్లర్ పోయాక కూడా ఆయన పేరుతోనే ఆర్కెస్ట్రాలు నడిచాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి, కాబట్టి ‘గ్లెన్ మిల్లర్ ఆర్కెస్ట్రా’ అని పేరు కనబడగానే నొక్కేయకుండా సంవత్సరం చూడండి. తళతళలాడే స్టీరియో సౌండు వస్తే అది తర్వాతి కాలానిది. అసలుది మోనో, రెండు చెవుల్లోనూ ఒకటే వినబడుతుంది, ఇయర్‌ఫోన్ పాడైందనుకోకండి. ఫోను స్పీకర్‌లో మాత్రం వద్దు, బేస్ మొత్తం మింగేస్తుంది.

మొదటిసారి వింటున్నప్పుడు ట్యూను సంగతి వదిలేసి కాలు మాత్రం చూసుకోండి. నాలుగు దెబ్బల తాళం, ఒకటి రెండు మూడు నాలుగు. మనకి అలవాటుగా ఒకటి మీద చప్పట్లు కొట్టబుద్ధేస్తుంది, అలా కాకుండా రెండు మీదా నాలుగు మీదా కొట్టి చూడండి, పాట ఒక్కసారిగా తేలికవుతుంది. ఇంకోటి, ఒక్కో దెబ్బలో ఉండే రెండు స్వరాలు సమానంగా ఉండవు, మొదటిది కాస్త సాగుతుంది, రెండోది చటుక్కున వచ్చి తర్వాతదాన్ని తోస్తుంది, దాన్నే స్వింగ్ అంటారు. కాగితం మీద ఎంత రాసినా రాదు, కాలికి తెలిసిపోతుంది అంతే.

రెండోసారి శాక్సఫోన్లు వాయించే ఆ ముక్క మీద ఉండండి. అలా మళ్ళీ మళ్ళీ తిరిగే చిన్న ముక్కని రిఫ్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే గ, ప, పై స, మళ్ళీ గ, ప, పై స, అంతే, మూడే స్వరాలు తిరుగుతుంటాయి. ఇంత చిన్న ముక్క ఎనభై ఏళ్ళు దాటినా ఎలా నిలబడిందంటే, స్వరాలు మూడేసి, తాళం నాలుగు. చేత్తో నాలుగు దెబ్బలు వేస్తూ ఒక్కో దెబ్బకి రెండేసి అక్షరాలొచ్చేలా ‘త కి ట త కి ట త కి ట’ అనుకోండి, ‘త’ ఒకసారి దెబ్బ మీద పడుతుంది, ఇంకోసారి రెండు దెబ్బల మధ్య పడుతుంది. మృదంగం విన్న చెవికి ఇది కొత్తేం కాదు, చతురస్రంలో తిస్రం, అంటే నాలుగు మీద మూడు వేసే లాంటి లెక్కే కదా. కానీ డాన్సు ఫ్లోర్ మీద ఉన్నవాళ్ళకి ఆ లెక్క అక్కర్లేదు, కాలు నేల మీద ఉంటే పాట వాళ్ళకంటే కొంచెం ముందుకీ కొంచెం వెనక్కీ జారుతున్నట్టుంటుంది, దాన్ని అందుకోడానికి ఒళ్ళు తనంతట తనే కదులుతుంది.

ఇప్పుడు లెక్క పెట్టండి. ఈ రిఫ్ నడిచేది పన్నెండు బార్ల బ్లూస్ మీద, అంటే నాలుగేసి దెబ్బలు పన్నెండుసార్లు, మొత్తం 48. ఐదో బారులో కింద హార్మొనీ, అంటే ట్యూను వెనకాల కలిసి మోగే స్వరాలు, ఒకసారి మారుతుంది, తొమ్మిదో బారులో ఇంకోసారి, తర్వాత మొదలైన చోటికే ఇంటికొచ్చేస్తుంది. ఈ పన్నెండు బార్లు చెవికి పట్టుబడితే బ్లూస్, స్వింగ్, రాక్ అండ్ రోల్‌లో సగం పాటల అస్థిపంజరం దొరికినట్టే. రెండు రౌండ్లయ్యాక పాట వేరే భాగంలోకి వెళ్తుంది, అది పదహారు బార్లు, అక్కడ లెక్క తప్పితే కంగారుపడకండి.

మధ్యలో సోలోలు, అంటే ఒక్కొక్కరు ముందుకొచ్చి వాయించేవి. టెక్స్ బెనెకీ, అల్ క్లింక్ ఇద్దరూ టెనర్ శాక్సుల మీద నువ్వా నేనా అని మాటకి మాట అందుకుంటారు, తర్వాత క్లైడ్ హర్లీ ట్రంపెట్. అందరూ ఆ శాక్సుల పోటీని తెగ పొగుడుతారు, నాకైతే హర్లీ ట్రంపెటే ఇష్టం, కాస్త గరుకుగా ఉంటుంది, ఇంత ఇస్త్రీ చేసిన బ్యాండులో ఆ గరుకు కావాలి. జాజ్ అంటే పడిచచ్చేవాళ్ళు మిల్లర్‌ని కొంచెం చిన్నచూపు చూస్తారు లెండి, మరీ నీటుగా ఉంటుంది, అప్పటికప్పుడు పుట్టినట్టుండదు అని. నిజమే, సోలోలు వినాలంటే అదే కాలపు ఇంకో బ్యాండు, కౌంట్ బేసీది, దాని దగ్గరికే వెళ్ళాలి. కానీ మిల్లర్ గొప్పతనం వాయించడంలో కాదు, కోయడంలో ఉంది.

అదెలాగో తెలియాలంటే ఈ పాట ముందు జన్మలు వినాలి, వరసగా పెట్టుకుని వినండి, పదిహేను నిమిషాలు కూడా పట్టదు. 1930లో వింగీ మనోన్ అనే న్యూ ఆర్లియన్స్ ట్రంపెటర్ ‘టార్ పేపర్ స్టాంప్’ అని రికార్డు చేశాడు. చిన్నప్పుడే ట్రామ్ ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది ఆయనకి, వింగీ అన్న పేరు అలా వచ్చిందే. ఈ గ ప స ముక్క అక్కడే ఉంది, వింటే ఉలిక్కిపడతారు. మరుసటి ఏడాది ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు ‘హాట్ అండ్ యాంక్షస్’లో అదే ముక్క మళ్ళీ వినబడుతుంది. ఆ తర్వాత జో గార్లాండ్ అనే శాక్సఫోన్ ఆయన దాన్ని ‘ఇన్ ద మూడ్’గా అల్లితే 1938లో ఎడ్గర్ హేస్ బ్యాండు రికార్డు చేసింది. రికార్డు మీద పేరు గార్లాండ్‌దే, మనోన్‌ది కాదు. అప్పట్లో ఇలాంటి రిఫ్‌లు వాయించేవాళ్ళ నోళ్ళలో ఊరుమ్మడి సొమ్ములా తిరిగేవి, కాగితం మీద పెట్టి పేరు రాయించుకున్నవాడిదే పాట. న్యాయమా అంటే కాదనే అంటాను.

ఆర్టీ షా బ్యాండు కూడా దీన్ని రేడియోలో వాయించింది, ఆరు నిమిషాల పైనే. ఆ రోజుల్లో మామూలు 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక పక్క మూడున్నర నిమిషాలకి అటూ ఇటూగా పడుతుంది, అంత పెద్ద పాట పట్టదు. మిల్లర్ తీసుకుని అనవసరం అనిపించినదంతా కోసేసి, రిఫ్‌ని ముందు పెట్టి, చివర్లో ఆ దొంగ ముగింపు మిగిల్చాడు.

ఇక ఆ ముగింపు. దీనికోసం ఇంకోసారి మొదట్నుంచి పెట్టండి, వాల్యూమ్ ముందే సరిచేసుకుని మధ్యలో ముట్టుకోకండి, ఇది ముఖ్యం, ఎందుకంటే తగ్గినప్పుడు మన చెయ్యి తెలీకుండానే బటన్ మీదకి పోతుంది. ట్రంపెట్ సోలో అయ్యాక రిఫ్ మళ్ళీ వస్తుంది, కానీ చిన్నగా. ఆగినట్టే ఆగి, మళ్ళీ మొదలు, ఇంకా చిన్నగా. మళ్ళీ ఆగి, ఇంకా. ఎన్నిసార్లో మీరే లెక్కపెట్టుకోండి. స్వరాలు మారవు, స్పీడు మారదు, సౌండు ఒక్కటే తగ్గుతూ పోతుంది, ఇక లేదు అనుకున్నప్పుడు మొత్తం బ్యాండు ఒక్కసారిగా మీద పడుతుంది, మెట్లెక్కినట్టు పైకెక్కి చివరి నోటు మీద ధడాల్న ఆగుతుంది. మిల్లర్ వాళ్ళు 1939 ఎండాకాలం న్యూయార్క్ పక్కన న్యూ రోషెల్‌లోని గ్లెన్ ఐలాండ్ క్యాసినో అనే డాన్సు హాల్లో వాయించేవాళ్ళు, అంత నిశ్శబ్దంలో జంటలు ఫ్లోర్ మీద ఎలా నిలబడిపోయి ఉంటాయో ఊహించుకోండి.

తెనాలి దగ్గర మా బాబాయ్ ఒకాయన పెళ్ళి బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు, పోయిన సంక్రాంతికి ఆయనకి ఇది వినిపించా. శాక్సుల పోటీకి తలూపాడు, ట్రంపెట్‌కి ‘బానే ఉంది’ అన్నాడు. తగ్గించే చోటొచ్చేసరికి మాత్రం చేతిలో టీ గ్లాసు కింద పెట్టేశాడు. అయిపోయాక, "ఒరేయ్, ఇంతమంది కలిసి ఇంత చిన్నగా వాయించడం మాటలనుకున్నావా? గట్టిగా ఎవడైనా ఊదుతాడు. చిన్నగా ఊదితే శ్రుతి జారిపోద్ది, ఊపిరి ఆగిపోద్ది, పక్కోడు తగ్గించాడో లేదో చూసుకోవాలి. మావోళ్ళకి చెప్పీ చెప్పీ నా నోరు పోయింది" అన్నాడు. ఇన్నేళ్ళుగా నేను చివరి దెబ్బ కోసమే ఎదురుచూస్తూ విన్నా, ఆయనకి మాత్రం పాటంతా దానికి ముందున్న నిమిషంలోనే ఉంది. ఇప్పుడు నేనూ అలాగే వింటున్నా, మీరూ చివరిసారి అలా వినండి: తగ్గుతున్నప్పుడు శాక్సులన్నీ ఒకే మనిషి ఊదుతున్నట్టు ఎలా ఉన్నాయో, డ్రమ్స్ ఎక్కడా తొందరపడకుండా ఎలా కూర్చుందో.

మిల్లర్ 1942లో సైన్యంలో చేరి అక్కడా బ్యాండు పెట్టాడు, 1944 డిసెంబర్ 15న ఇంగ్లండ్ నుంచి పారిస్‌కి చిన్న విమానంలో బయల్దేరి ఇక కనబడలేదు. ఆయన గురించి చదవాలంటే చాలా ఉంది, పాట వినడానికి అదంతా అక్కర్లేదు.

ఆ రోజు బాబాయ్ ఊరుకోలేదు, క్లారినెట్ తీసి అరుగు మీద కూర్చుని గ ప స, గ ప స అని పట్టేశాడు, రెండు రౌండ్లు మామూలుగా, తర్వాత చిన్నగా, ఇంకా చిన్నగా. ఆగాడు. లోపల్నుంచి పిన్ని, "అయిపోయిందా, అన్నం వడ్డించనా?" అని కేకేసింది. బాబాయ్ నా వైపు చూసి నోటి మీద వేలు పెట్టుకుని మళ్ళీ ఊపిరి లాగాడు.