డి అండ్ డి 2024 రూల్స్‌లో తొలి విజార్డ్: ఏ ఆప్షన్ ఎందుకు తీసుకోవాలి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డి అండ్ డి) అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథని నడిపే ఆట. దాని 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 12 క్లాసులు (పాత్ర చేసే పని), 16 బ్యాక్‌గ్రౌండ్లు (పాత్ర పూర్వ జీవితం), 10 జాతులు ఉన్నాయి. కొత్తవాళ్లు ఎక్కువగా జాతి ఎంచుకోవడంతో మొదలుపెడతారు. ఇప్పటి రూల్స్‌లో స్కోర్లు (బలం, తెలివి లాంటి ఆరు సామర్థ్యాల అంకెలు) పెంచేది జాతి కాదు, బ్యాక్‌గ్రౌండ్. అందుకే ముందు క్లాస్, తర్వాత బ్యాక్‌గ్రౌండ్, ఆ తర్వాత స్కోర్లు, చివరికి జాతి చూసుకోండి. ఇక్కడ విజార్డ్‌ని, అంటే మంత్రగాడిని, తీసుకుందాం. తప్పుడు ఎంపికలకు ఎక్కువగా దెబ్బతినే క్లాస్ అదే.

పెన్సిల్ పట్టేముందు డీఎంని (ఆట నడిపే వ్యక్తిని) రెండు విషయాలు అడగండి: ఆట ఏ లెవెల్ దాకా సాగుతుంది, స్కోర్లు పాయింట్లతో కొనాలా లేక డైస్ వేయాలా. 5వ లెవెల్‌లో ముగిసే ఆటకు 8వ లెవెల్‌లో అందే కాంబినేషన్ ప్లాన్ చేసి లాభం లేదు.

పాయింట్లతో కొనేటప్పుడు చేతిలో 27 ఉంటాయి. ప్రతి స్కోరూ 8 దగ్గర మొదలవుతుంది. 13 దాకా ఒక్కో మెట్టుకు ఒక్కో పాయింటు చాలు. 14కి మొత్తం 7, 15కి మొత్తం 9 పోతాయి. ఇంటెలిజెన్స్ (తెలివి, విజార్డ్ మంత్రాలకు ఆధారం) 15, కాన్‌స్టిట్యూషన్ (ఓర్పు) 15, డెక్స్టెరిటీ (చురుకు) 14, విజ్డమ్ (వివేకం) 10, మిగతా రెండూ 8 పెట్టుకుంటే 9, 9, 7, 2 కలిసి సరిగ్గా 27. సేజ్ బ్యాక్‌గ్రౌండ్ తీసుకుని ఇంటెలిజెన్స్‌కి +2, కాన్‌స్టిట్యూషన్‌కి +1 కలిపితే అవి 17, 16 అవుతాయి.

స్కోరుని బట్టి డైస్‌కి కలిసే బోనస్ 16కీ 17కీ ఒకటే, +3. అయినా 17 మీద ఖర్చు పెట్టమనడానికి కారణం 4వ లెవెల్‌లో కనిపిస్తుంది. అక్కడ తీసుకునే వార్ కాస్టర్ ఫీట్ (అదనపు ప్రత్యేక నైపుణ్యం) ఇంటెలిజెన్స్‌ని 1 పెంచుతుంది. 17 ఉన్నవాళ్లకి 18 వస్తుంది, బోనస్ +4 అవుతుంది, ఫీట్ కూడా దక్కుతుంది. 16 దగ్గర ఆగినవాళ్లు +4 బోనస్, ఈ ఫీట్‌లలో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

కాన్‌స్టిట్యూషన్ దగ్గర పొదుపు చేయొద్దు. ప్రాణాల లెక్క ఒక్కటే కాదు, మంచి స్పెల్స్ (మంత్రాలు) చాలావాటికి కాన్సంట్రేషన్ కావాలి, అంటే అవి ఆగకుండా మనసు వాటి మీదే నిలపాలి. దెబ్బ తగిలినప్పుడల్లా సేవ్ వేయాలి, అంటే 20 ముఖాల డైస్‌కి బోనస్ కలిపి లక్ష్యాన్ని అందుకోవాలి. లక్ష్యం 10, లేదా డ్యామేజీలో సగం, ఏది ఎక్కువైతే అది. లక్ష్యం 10 అయితే, కాన్‌స్టిట్యూషన్ 8 ఉన్న విజార్డ్ సగంసార్లు స్పెల్ పోగొట్టుకుంటాడు. 16 ఉంటే 70 శాతం నిలబెట్టుకుంటాడు. వార్ కాస్టర్ ఇచ్చే అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) తోడైతే అది 91 శాతం అవుతుంది.

సేజ్‌తో వచ్చే మ్యాజిక్ ఇనీషియేట్ ఫీట్‌ని చాలామంది సరిగా వాడుకోరు. దాంతో రెండు క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లయినా వేయగల చిన్న మంత్రాలు), ఒక 1వ లెవెల్ స్పెల్ వస్తాయి. ఆ స్పెల్‌ని లాంగ్ రెస్ట్‌కి (పాత్ర తీసుకునే పూర్తి విశ్రాంతికి) ఒకసారి స్లాట్ ఖర్చు లేకుండా వేయొచ్చు. స్లాట్ అంటే మామూలు స్పెల్ వేసినప్పుడల్లా ఒకటి చొప్పున తగ్గే కోటా. అక్కడ మేజ్ ఆర్మర్ (మంత్రంతో వచ్చే కవచం) పెట్టండి. 1వ లెవెల్‌లో ఉండేవి రెండే స్లాట్లు. రోజూ ఒకటి కవచానికే పోతే మిగిలేది ఒక్కటి. మేజ్ ఆర్మర్ 8 గంటలు ఉంటుంది, ఏసీని (మీకు దెబ్బ తగలాలంటే శత్రువు డైస్ అందుకోవాల్సిన అంకె) 12 నుంచి 15కి తీసుకెళ్తుంది. +4 దాడి బోనస్ ఉన్న శత్రువు 65 శాతం తగిలించేది 50కి దిగుతుంది. దెబ్బ తగిలిన క్షణాన షీల్డ్ అనే స్పెల్ వేస్తే ఏసీ 20, అప్పుడు 25 శాతమే. మొదట్లో మీకున్న హిట్ పాయింట్లు (ప్రాణాల లెక్క) 9 మాత్రమే కాబట్టి ఈ తేడా ప్రాణం నిలబెడుతుంది.

స్పెల్‌బుక్‌లో 6 స్పెల్స్ రాసుకోవచ్చు, రోజుకి ప్రిపేర్ చేయగలిగేవి 4. రిచువల్ స్పెల్స్‌ని (స్లాట్ ఖర్చు లేకుండా నిదానంగా వేయగలిగేవి) విజార్డ్ ప్రిపేర్ చేయకుండానే పుస్తకంలోంచి చదివి వేయగలడు. అందుకని రెండు రిచువల్స్, నాలుగు మామూలువి రాసుకోండి. రిచువల్స్‌గా డిటెక్ట్ మ్యాజిక్, ఫైండ్ ఫెమిలియర్ బాగుంటాయి. రెండోదానికి ప్రతిసారీ 10 బంగారు నాణేల ధూపం కాలిపోతుంది. మొదటి సామాను ప్యాకేజీలు తీసుకుంటే విజార్డ్‌గా 5, సేజ్‌గా 8, మొత్తం 13 నాణేలు వస్తాయి. ధూపం కొన్నాకే మిగతా కొనుగోళ్లు. మిగిలిన నాలుగు: షీల్డ్, స్లీప్, మ్యాజిక్ మిసైల్, ఫెదర్ ఫాల్. నాలుగింట్లో కాన్సంట్రేషన్ అడిగేది స్లీప్ ఒక్కటే. ఇది ముఖ్యం. కొత్తవాళ్లు కాన్సంట్రేషన్ స్పెల్స్ నాలుగూ పెట్టుకుని, రెండోది వేయగానే మొదటిది ఆగిపోయినప్పుడు కంగారుపడతారు.

క్యాంట్రిప్‌లలో ఒకటి దాడి రోల్‌ది, ఇంకొకటి శత్రువు సేవ్ వేయాల్సింది ఉండాలి. ఫైర్ బోల్ట్, మైండ్ స్లివర్ జోడీ సరిపోతుంది. ఏసీ ఎక్కువున్న కవచధారి మీద రెండోది వాడండి.

జాతి విషయానికొస్తే మీకు నచ్చింది తీసుకోండి. లెక్కే కావాలంటే మనుషులకు ఇంకో ఆరిజిన్ ఫీట్ (మొదటి లెవెల్‌లోనే అందే ఫీట్) వస్తుంది. అక్కడ టఫ్ తీసుకుంటే ప్రతి లెవెల్‌కీ 2 హిట్ పాయింట్లు అదనం.

ఫైటర్ కావాలన్నా ఇవే ఆరు అంకెలు పనికొస్తాయి. సోల్జర్ బ్యాక్‌గ్రౌండ్‌తో స్ట్రెంత్ (బలం) 17, కాన్‌స్టిట్యూషన్ 16, విజ్డమ్ 14, డెక్స్టెరిటీ 10. చెయిన్ మెయిల్ (లోహపు గొలుసు కవచం) ఏసీకి డెక్స్టెరిటీ కలవదు కాబట్టి దాన్ని తగ్గించినా ఏసీ 16 ఉంటుంది. మనసుని లొంగదీసే స్పెల్స్‌కి చాలావరకు విజ్డమ్ సేవ్ కాబట్టి 14 అక్కడ పెట్టాం. 4వ లెవెల్‌లో గ్రేట్ వెపన్ మాస్టర్‌తో స్ట్రెంత్ 18 అవుతుంది.

మల్టీక్లాస్ (ఒకే పాత్రలో రెండు క్లాసులు కలపడం) ఆశ ఉంటే 5వ లెవెల్ దాటేదాకా ఆగండి. ఫీట్లు వచ్చేది క్లాస్ లెవెల్ లెక్కన, మొత్తం లెవెల్ లెక్కన కాదు. విజార్డ్ 3, ఫైటర్ 1 అయిన పాత్రకు 4వ లెవెల్‌లో ఫీట్ రాదు, తోటి విజార్డ్ ఫైర్‌బాల్ వేసే 5వ లెవెల్‌లో అది కూడా చేతికందదు.

స్పెల్స్‌లో పొరపాటు జరిగినా దిద్దుకోవడం తేలిక. ప్రతి లాంగ్ రెస్ట్ తర్వాత ప్రిపేర్ చేసినవి మార్చుకోవచ్చు, విజార్డ్‌గా వచ్చిన క్యాంట్రిప్‌లలో ఒకటి కూడా. లెవెల్ పెరిగినప్పుడల్లా పుస్తకంలోకి రెండు కొత్త స్పెల్స్ వస్తాయి. దొరికిన స్క్రోల్ (స్పెల్ రాసిన చుట్ట) నుంచి ఎక్కించుకోవాలంటే స్పెల్ లెవెల్ ఒక్కింటికి 2 గంటలు, 50 నాణేలు. నిధిలో మీ వాటా ఆ ఖర్చుకి పక్కన పెట్టండి.