ట్రేడింగ్ స్క్రిప్ట్‌లో 'జీరో డివైడ్': సున్నా ఎక్కడ దూరిందో పట్టుకోవడం

సమస్య

బాగా నడుస్తున్న బాట్ (తనంతట తానే ట్రేడ్‌లు వేసే స్క్రిప్ట్) ఉన్నట్టుండి ఆగిపోతుంది. మెటాట్రేడర్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ లాగ్‌లో 'జీరో డివైడ్' (సున్నాతో భాగించారు) అని ఒక్క లైను కనిపిస్తుంది. మళ్లీ చార్ట్‌కి తగిలిస్తే తప్ప అది కదలదు. ఈలోగా ఓపెన్ పొజిషన్‌ని పట్టించుకునేవాళ్లుండరు.

పైథాన్‌లో మామూలు సంఖ్యలకైతే ఎర్రర్ వస్తుంది. పట్టికల లెక్కలకి వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్ మాత్రం నోరు మెదపదు. ఆ గడిలో 'ఇన్ఫ్' (అనంతం) అనో 'నాన్' (సంఖ్య కాదు) అనో పెట్టి ముందుకెళ్తుంది. నాకు దీంతోనే టెన్షన్ ఎక్కువ. నాన్‌ని, ఉదాహరణకి, 30 కంటే తక్కువా అని అడిగినా, ఎక్కువా అని అడిగినా కాదనే అంటుంది. సిగ్నల్ రాదు, ఎర్రరూ రాదు.

ముందుగా హారాన్ని విడిగా ఒక వేరియబుల్‌లో పెట్టి, సింబల్, సమయంతో సహా ప్రింట్ చేయండి. సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

కదలని క్యాండిల్

ఇప్పటి ధర ఈమధ్యి గరిష్ఠ, కనిష్ఠాల మధ్య ఎక్కడుందో చెప్పే సూచిక స్టోకాస్టిక్‌లో హారం అంటే ఆ పీరియడ్‌లోని గరిష్ఠ ధరలోంచి కనిష్ఠ ధర తీసేయగా మిగిలేది. ధర కదలకపోతే అది సున్నా. ఇందులో డేటా తప్పేమీ లేదు. ఆ బార్‌ని (క్యాండిల్‌ని) వదిలేయండి, లేదా పాత విలువే ఉంచండి. సగటు లాభాన్ని సగటు నష్టంతో పోల్చే సూచిక ఆర్‌ఎస్‌ఐ సంగతి వేరు: లాభాలు ఉండి సగటు నష్టం సున్నా అయితే జవాబు 100, అదే రాయాలి. వాల్యూమ్ రాని ఫీడ్ మీద వీవాప్ (వాల్యూమ్‌తో తూచిన సగటు ధర) మాత్రం అసలు వేయకండి.

పూర్ణాంకాల తిరకాసు

మెటాట్రేడర్ స్క్రిప్ట్‌లు రాసే భాష ఎమ్‌క్యూఎల్‌లో 1ని 100తో భాగిస్తే 0.01 రాదు, 0 వస్తుంది, రెండూ పూర్ణాంకాలు కాబట్టి. ఆ సున్నా నాలుగు లైన్ల కింద ఎక్కడో హారంగా తేలుతుంది. 100.0 అని రాస్తే చాలు.

లాట్ సైజు

డబ్బు పోయేది ఇక్కడే. ఎంత పరిమాణంలో ట్రేడ్ చేయాలో (లాట్ సైజు) తేల్చడానికి, పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డ డబ్బుని (రిస్క్‌ని) ఎంట్రీ ధరకీ, నష్టంతో బయటపడే స్టాప్ ధరకీ ఉన్న తేడా విలువతో భాగిస్తాం. రెండూ ఒకటైనా, సింబల్ డేటా ఇంకా లోడ్ కాక టిక్ విలువ (ధర కదిలే అతి చిన్న మెట్టుకి డబ్బు లెక్కలో విలువ) సున్నాగా వచ్చినా లెక్క ఆగిపోతుంది. చాలామంది హారానికి 0.00001 కలిపేసి హమ్మయ్య అనుకుంటారు. రిస్క్ 1000 అనుకోండి, 0.00001తో భాగిస్తే 10 కోట్లు! ఎర్రర్ పోయింది సరే, ఆ ఆర్డర్ వెళ్తే? ఇక్కడ సరైన పని ఒక్కటే: ఆర్డర్ వేయకుండా, లాగ్‌లో కారణం రాసి వెనక్కి రావడం.

'సున్నాకి సమానమా' అన్న చెక్ కూడా నమ్మదగ్గది కాదు. 0.1కి 0.2 కలిపి 0.3 తీసేస్తే కంప్యూటర్‌కి ఇంకా ఏదో అణువంత మిగులుతుంది. తేడా ఒక టిక్ కన్నా తక్కువా అని అడగండి.

బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద పరీక్ష) రిపోర్టులో నష్టపోయిన ట్రేడే లేకపోతే ప్రాఫిట్ ఫ్యాక్టర్ (మొత్తం లాభాన్ని మొత్తం నష్టంతో భాగించగా వచ్చేది) కూడా ఇలాగే పడుతుంది. అక్కడ 'వర్తించదు' అని చూపిస్తే సరిపోతుంది.

లైవ్‌కి వెళ్లేముందు ఓపెన్, హై, లో, క్లోజ్ నాలుగూ ఒకటే, వాల్యూమ్ సున్నా ఉన్న 50 క్యాండిళ్ల ఫైల్ ఒకటి తయారుచేసి స్క్రిప్ట్‌కి తినిపించండి.