‘డిసగ్రీ’ అనే ఇంగ్లీషు క్రియను తప్పుల్లేకుండా వాడటం ఎలా?

ముందుగా అర్థాన్ని స్పష్టం చేసుకోవాలి. ‘డిసగ్రీ’ అంటే ఏకీభవించకపోవడం, అంటే ఎదుటివారి అభిప్రాయం సరైనదని భావించకపోవడం. తెలుగులో ‘ఒప్పుకోను’ అన్న ఒక్క మాట అభిప్రాయభేదానికీ, అడిగిన పని చేయనని చెప్పడానికీ, మోపిన నేరాన్ని కాదనడానికీ సరిపోతుంది కాబట్టి మనవాళ్లు ఎక్కువగా ఇక్కడే తడబడతారు. ఇంగ్లీషులో పని చేయననడానికి ‘రెఫ్యూజ్’, ఆరోపణను కాదనడానికి ‘డినై’ వాడాలి.

తర్వాత వాక్యం కట్టడం నేర్చుకోవాలి. ‘ఐ డిసగ్రీ’ అంటే వాక్యం పూర్తయినట్టే. ‘ఐ యామ్ డిసగ్రీ’, ‘ఐ యామ్ నాట్ అగ్రీ’ అనేవి తప్పులు, ఎందుకంటే క్రియ ఉన్నచోట ‘యామ్’కు పని లేదు. ఇది మనసులోని స్థితిని తెలిపే క్రియ కనుక ‘ఐ యామ్ డిసగ్రీయింగ్’ అని సాధారణంగా అనరు. ‘హీ’, ‘షీ’ కర్తలైతే ‘డిసగ్రీస్’, భూతకాలంలో ‘డిసగ్రీడ్’. పలికేటప్పుడు ‘గ్రీ’ మీద ఊనిక ఉండాలి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టవలసింది దాని వెంట వచ్చే విభక్తి పదం మీద. మనిషితో గానీ అభిప్రాయంతో గానీ విభేదిస్తే ‘విత్’, ఏ విషయంలో విభేదిస్తున్నామో చెప్పాలంటే ‘ఆన్’ లేదా ‘అబౌట్’ వస్తాయి. ‘ఐ డిసగ్రీ విత్ యూ ఆన్ దిస్ పాయింట్’ అన్న వాక్యంలో రెండూ ఉన్నాయి. ‘ఈ విషయంలో మీతో ఏకీభవించను’ అనేటప్పుడు మనం వాడే ‘తో’యే ఇక్కడి ‘విత్’. ప్రతిపాదనకు సమ్మతించేటప్పుడు ‘అగ్రీ టు’ అంటారు గనుక ‘డిసగ్రీ టు’ అని కూడా రాసేస్తుంటారు, అది సరికాదు. తిండి విషయంలోనూ ఈ క్రియ పనికొస్తుంది: ‘మిల్క్ డిసగ్రీస్ విత్ మీ’ అంటే పాలు నాకు పడవని.

ఇక మర్యాద. పై అధికారితోనో అధ్యాపకులతోనో ఒట్టి ‘ఐ డిసగ్రీ’ అంటే కటువుగా వినిపిస్తుంది. ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డిసగ్రీ’ అనడం మేలు. ఇక్కడ ‘అఫ్రెయిడ్’ భయాన్ని కాక సంకోచాన్ని తెలుపుతుంది. ‘ఐ సీ యువర్ పాయింట్, బట్...’ అని మొదలుపెట్టి కారణం చెబితే ఇంకా బాగుంటుంది.

ఒక న్యాయమూర్తి తోటి న్యాయమూర్తుల తీర్పుతో విభేదిస్తే ‘డిసెంట్’ (dissent) అనే మాట వాడతారు. ఎమర్జెన్సీ కాలపు నిర్బంధాలపై సుప్రీంకోర్టు విచారించిన 1976 నాటి ఏడీఎం జబల్‌పూర్ కేసులో నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు ఉండగా జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించి రాసిన తీర్పు అటువంటిదే.

సాధన కోసం రోజూ ఒక సంపాదకీయం చదివి, నచ్చని వాదన ఒకటి ఎంచుకుని, ‘ఐ డిసగ్రీ విత్’తో మొదలుపెట్టి ‘బికాజ్’తో కారణం చెబుతూ ఒక వాక్యం రాయండి.