బెజవాడలో ఉండి లీగ్ టూ సీజన్ మొత్తం ఫాలో అవ్వడం ఎలా

ప్రీమియర్ లీగ్ చూసేవాళ్లు మన ఊళ్లో వీధికి నలుగురు దొరుకుతారు. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా మాంచెస్టర్ యునైటెడ్ ఎప్పటికి బాగుపడుతుందో అన్న గొడవ చెవిన పడుతుంది. నేను చెప్పేది దానికి మూడు మెట్లు కింద ఉన్న లీగ్ టూ గురించి, అంటే ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె. దీన్ని హైలైట్స్‌లో ముక్కలు ముక్కలుగా చూస్తే చప్పగా ఉంటుంది, ముందే చెప్తున్నా. ఒక్క టీమ్‌ని పట్టుకుని ఆగస్టు నుంచి మే దాకా వదలకుండా వెంట ఉంటేనే దీని రుచి తెలిసేది.

ముందు లెక్క చూద్దాం. 24 క్లబ్బులు, ఒక్కో క్లబ్బుకి 46 మ్యాచ్‌లు. మొదటి ముగ్గురూ నేరుగా పైకి వెళ్తారు, 4 నుంచి 7 దాకా ఉన్నవాళ్లు ప్లేఆఫ్స్ ఆడితే అందులో ఇంకొకరు వెళ్తారు, చివరి ఇద్దరూ నేషనల్ లీగ్‌లోకి జారిపోతారు. పై నుంచి నలుగురు దిగుతారు, కింద నుంచి ఇద్దరు వస్తారు కాబట్టి ఏటా ఆరు క్లబ్బులు కొత్తవి. అందుకే టేబుల్ తెరిచినప్పుడు ఫస్ట్ ఎవరున్నారని చూసే అలవాటు మానుకోండి. మూడో స్థానం కింద ఒక గీత, ఏడో స్థానం కింద ఒక గీత, 22 కింద ఒక గీత గీసుకోండి. మీ టీమ్ ఏ గీతకి దగ్గర్లో ఉందన్నదే మీ సీజన్.

టీమ్‌ని ఎంచుకోవడం జూలైలోనే అయిపోవాలి, సీజన్ మధ్యలో మార్చడాలు లేవు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ పుణ్యమా అని అందరి నోటా రెక్సమ్ క్లబ్బు పేరే ఉంటుంది గానీ, వాళ్లు 2023, 2024, 2025 వరసగా మూడేళ్లూ ప్రమోషన్ కొట్టి ఈ అంచె ఎప్పుడో దాటేశారు. నా సలహా ఏమిటంటే, కథ ఉన్న క్లబ్బుని తీసుకోండి. అక్రింగ్టన్ స్టాన్లీ ఉంది చూడండి, పాత క్లబ్బు 1962లో డబ్బుల్లేక లీగ్ నుంచి తప్పుకుంది, 1968లో అదే పేరుతో కొత్తగా మొదలుపెట్టి, కింది లీగుల్లోంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ 2006లో మళ్లీ లీగ్‌లోకి వచ్చారు. ఇలాంటి క్లబ్బు ఓడినా మీకు కోపం రాదు, అయ్యో అనిపిస్తుంది, తొమ్మిది నెలలు నిలబడాలంటే ఆ అయ్యో కావాలి. ఎవరు గెలుస్తారో తెలుసుకుందామని బెట్టింగ్ యాప్‌ల జోలికి మాత్రం పోకండి, మన రాష్ట్రంలో ఎలాగూ నిషేధమే.

ఇక టైమింగ్స్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. శనివారం మ్యాచ్‌లు ఎక్కువగా అక్కడి మధ్యాహ్నం 3 గంటలకి. ఆగస్టు నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా అది మనకు రాత్రి 7:30. ఆ రోజు వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, సుమారుగా మన దీపావళి అటూ ఇటూ, అక్కడి నుంచి మార్చి ఆఖరి ఆదివారం దాకా మనకు 8:30. 12:30కి పెట్టిన మ్యాచ్ అయితే మనకు సాయంత్రం 5, చలికాలంలో 6. అంటే ఆఫీసుకి సెలవు పెట్టక్కర్లేదు, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు, ఛాంపియన్స్ లీగ్ చూసేవాళ్లకి లేని సుఖం ఇది. మంగళవారం రాత్రి మ్యాచ్‌లు మాత్రం అక్కడ 7:45కి మొదలవుతాయి, మనకు అర్ధరాత్రి దాటి 12:15, చలికాలంలో 1:15. వాటికి మేలుకోవద్దు, తెల్లారి ఇడ్లీ తింటూ రిపోర్ట్ చదువుకోండి చాలు.

చూడటం సంగతి. ఇండియాలో హక్కులు ఎవరి దగ్గరున్నాయన్నది మారుతూ ఉంటుంది కాబట్టి ఏ యాప్‌కైనా ఏడాది డబ్బు కట్టేముందు మీ క్లబ్ మ్యాచ్‌లు అందులో నిజంగా వస్తాయో లేదో చూసుకోండి. నేనైతే క్లబ్ సొంత వెబ్‌సైట్‌లో దొరికే ఆడియో కామెంటరీకే ఓటేస్తాను. వీడియో కంటే చవక, డేటా పెద్దగా తినదు, కరెంటు పోయినా ఫోన్‌లో నడుస్తుంది. పైగా శనివారం సాయంత్రం ఇంట్లోవాళ్లు బీసెంట్ రోడ్డుకి బయల్దేరదీశారనుకోండి, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని సంచులు మోస్తూ కూడా మ్యాచ్ వినొచ్చు. మొదటి నాలుగు వారాలు వాళ్ల యాస సగం అర్థం కాదు. తర్వాత, మన టీమ్ బాక్స్‌లోకి బంతి వస్తోందని కామెంటేటర్ గొంతు పెరగడంలోనే తెలిసిపోతుంది.

ఆగస్టు, సెప్టెంబరు ఫలితాలు చూసి ఎగిరిపడొద్దు, కుంగిపోవద్దు. సగం టీమ్ కొత్తవాళ్లే ఉంటారు. పది మ్యాచ్‌లు దాకా టేబుల్‌కి అర్థం లేదు. నవంబరులో ఎఫ్‌ఏ కప్ (అన్ని అంచెల క్లబ్బులూ ఆడే, ఓడితే ఇంటికే అనే కప్) మొదటి రౌండ్ వస్తుంది, మూడో అంచె లీగ్ వన్, మన లీగ్ టూ క్లబ్బులు అందులోనే దిగుతాయి. రెండు రౌండ్లు దాటితే జనవరిలో మూడో రౌండ్, అక్కడ ప్రీమియర్ లీగ్ క్లబ్బులు వచ్చి పడతాయి. ఈ చిన్న క్లబ్బులకు పెద్ద గ్రౌండ్‌లో ఒక్క మ్యాచ్ పడితే టికెట్ డబ్బుల్లో వాటా ఆ ఏడాది లెక్కలనే మార్చేస్తుంది. డ్రా అయితే మళ్లీ ఇంకో రోజు ఆడించే రీప్లేలు 2024-25 నుంచి తీసేశారు, ఇప్పుడు డ్రా అయితే ఆ రాత్రే ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు. వీటిలో ఓడిపోతే బాధపడకండి, లీగ్ ముఖ్యం.

అసలు పరీక్ష చలికాలమే. డిసెంబరు 26 మ్యాచ్ దగ్గర మొదలై పది రోజుల్లో మూడు నాలుగు మ్యాచ్‌లు పడతాయి. మనం ధనుర్మాసం పొంగలి తింటూ ఉంటే అక్కడ గ్రౌండ్ గడ్డకట్టి మ్యాచ్ వాయిదా. రిఫరీ వచ్చి పిచ్ చూసి ఆడలేమంటే అంతే. దాంతో టేబుల్‌లో ఒకరు 27 ఆడి ఉంటారు, ఇంకొకరు 25. ‘గేమ్ ఇన్ హ్యాండ్’ (మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఇంకా ఆడాల్సిన మ్యాచ్) ఉంది కదా అని ఆ పాయింట్లు ముందే జేబులో వేసుకోకండి, ఆడి గెలిస్తేనే మనవి.

సంక్రాంతి సమయానికి ట్రాన్స్‌ఫర్ విండో, అంటే క్లబ్బులు ఆటగాళ్లని మార్చుకోగలిగే గడువు, తెరిచి ఉంటుంది. ఇది బాగా అర్థం కావాలంటే వాల్సాల్ 2024-25 సీజన్ చూడండి. జనవరిలో వాళ్లు టేబుల్ టాప్‌లో 12 పాయింట్ల ఆధిక్యంతో ఉన్నారు. గోల్స్ కొడుతున్నది నేథన్ లో (Lowe) అనే కుర్రాడు, లీగ్‌లో 15 కొట్టాడు, కానీ అతను స్టోక్ సిటీ క్లబ్బు నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా, వచ్చినవాడు. జనవరిలో స్టోక్ వెనక్కి పిలిపించుకుంది. అదొక్కటే కారణమని నేననను గానీ, తర్వాత వాల్సాల్ వారాల తరబడి గెలవలేదు, చివరికి 77 పాయింట్లతో నాలుగో స్థానం. కాబట్టి జూలైలో టీమ్ లిస్ట్ చూసేటప్పుడే ఎవరు సొంత ఆటగాళ్లు, ఎవరు లోన్ మీద వచ్చినవాళ్లు అని రాసి పెట్టుకోండి. అద్దె ఇంటికి రంగులేయించుకుని మురిసిపోకూడదు.

మార్చి దాటాక కాగితం, పెన్ను తీసుకోండి. 50 పాయింట్లు వస్తే కిందికి జారే భయం దాదాపు లేనట్టే, ఈ మధ్య సీజన్లలో 43కి మించి తెచ్చుకున్నవాళ్లు పడలేదు. పైకి నేరుగా వెళ్లాలంటే 80 దగ్గర చూసుకోవాలి. మిగిలిన మ్యాచ్‌ల్లో ఎవరికి ఎవరితో ఉందో రాసుకుంటే, మీకు సంబంధం లేని రెండు క్లబ్బుల మ్యాచ్ కోసం కూడా టెన్షన్ పడే దశ వస్తుంది. పదకొండో స్థానంలో ఇరుక్కుపోతే మాత్రం ఏప్రిల్ పరమ బోరు, ఆ నెల హాయిగా ఆవకాయ పనిలో పడండి.

ఆఖరి రోజు అన్ని మ్యాచ్‌లూ ఒకేసారి మొదలవుతాయి. ఆ రోజు ఆడియో ఒక ఫోన్‌లో, స్కోర్లు ఇంకో ఫోన్‌లో పెట్టుకోండి. 2025 మే 3న ఫ్లీట్‌వుడ్‌తో ఆడుతున్న బ్రాడ్‌ఫర్డ్ సిటీ 96వ నిమిషం దాకా 0-0తో ఉంది. అలాగే ముగిస్తే 76తో ఆగిపోయేది, వాల్సాల్ పైకి వెళ్లేది. ఇంజూరీ టైమ్‌లో ఆంటోనీ సార్సెవిచ్ గోల్‌తో 78, మూడో స్థానం, ప్రమోషన్. 46 మ్యాచ్‌ల లెక్క ఒక్క బంతితో తిరగబడింది. వాల్సాల్ ప్లేఆఫ్స్‌లో మళ్లీ వెంబ్లీ ఫైనల్ దాకా వెళ్లి, ఏఎఫ్‌సీ వింబుల్డన్ చేతిలో 1-0తో ఓడింది. 2002లో పాత క్లబ్బు వేరే ఊరికి తరలిపోతుంటే అభిమానులు సొంతంగా పెట్టుకున్న క్లబ్బు ఈ వింబుల్డన్.

(ఇలాంటి బాధ మన దగ్గరే కావాలంటే హైదరాబాద్‌లో శ్రీనిధి దక్కన్ ఉంది. 2022-23, 2023-24 రెండు సార్లూ ఐ-లీగ్‌లో (అప్పటికి మన దేశపు రెండో అంచె) రెండో స్థానం. పైకి వెళ్లింది ఫస్ట్ వచ్చినవాళ్లే.)

సీజన్ అయిపోగానే యాప్ తీసేయకండి. మేలో ప్రతి క్లబ్బూ ఎవరిని ఉంచుకుంటోంది, ఎవరిని వదిలేస్తోంది అని ఒక లిస్ట్ పెడుతుంది. మీరు తొమ్మిది నెలలు పేరు పెట్టి తిట్టిన లెఫ్ట్ బ్యాక్ అందులో ఉండొచ్చు, ఎక్కడ చేరతాడో జూన్, జూలైలో చూస్తూ ఉండండి, సగం మంది ఇదే లీగ్‌లో పక్క టీమ్‌లో తేలతారు. కొత్త ఫిక్స్‌చర్స్, అంటే మ్యాచ్‌ల షెడ్యూల్, జూన్ ఆఖరుకి వస్తాయి. వచ్చిన రోజే అతని కొత్త టీమ్‌తో మన మ్యాచ్ ఎప్పుడో క్యాలెండర్‌లో పెట్టేసుకోండి.