ముట్టకముందే ముట్టినట్టు రాసివ్వకండి: విడాకులు, అత్తింటి ఆస్తి విషయంలో జాగ్రత్తలు

పోయిన నెలలో ఒక అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని మా కార్యాలయానికి వచ్చి, నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల స్టాంపు కాగితాన్ని బల్ల మీద పెట్టింది. పెద్దమనుషుల సమక్షంలో రాసిన ఆ ఒప్పందంలో "నాకు రావలసిన సొమ్ము, బంగారం, సారె సామాను యావత్తూ ముట్టినవి, ఇకమీదట నాకు గానీ నా బిడ్డకు గానీ ఎట్టి హక్కూ లేదు" అని ఉంది. నిజానికి ముట్టింది ఒక్క బీరువా. నగలు పంట చేతికొచ్చాక ఇస్తామన్నారట. ఇరవై ఏళ్లుగా నేను చూస్తున్న పొరపాటు ఇదే, ముట్టకముందే ముట్టినట్టు రాసివ్వడం.

ముందుగా ఒక అపోహ వదులుకోవాలి. గోవాలో తప్ప, విడాకులతో భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుందనే నియమం మన దగ్గర లేదు. హిందూ కుటుంబాల్లో భర్త జీవించి ఉండగా అతని పిత్రార్జితంలో భార్యకు వాటా రాదు. అత్తమామల స్వార్జితంలో అసలే రాదు. అయితే హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం నిర్ణయించేటప్పుడు కోర్టు భర్త ఆదాయాన్నీ, ఆస్తినీ లెక్కలోకి తీసుకుంటుంది, అవసరమైతే ఆ భరణాన్ని అతని స్థిరాస్తిపై ఛార్జీగా, అంటే ఆ ఆస్తి నుంచి రాబట్టుకోగల బాకీగా, విధిస్తుంది. కాబట్టి అతని ఆస్తి వివరాలు తెలిపే ఈసీలూ (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే ఆస్తి లావాదేవీల పత్రాలు), పట్టాదారు పాస్‌బుక్ నకళ్లూ విడాకుల మాట ఎత్తకముందే సంపాదించుకోవాలి. గొడవ మొదలయ్యాక పొలం తండ్రి పేరుకో తమ్ముడి పేరుకో దానపత్రంగా మారిపోవడం మామూలే.

బిడ్డల సంగతి వేరు. ఉమ్మడి పిత్రార్జితంలో కొడుకుకైనా కూతురుకైనా పుట్టుకతోనే హక్కు ఉంటుంది, తల్లిదండ్రుల విడాకులతో అది తెగిపోదు. కోర్టు అనుమతి లేకుండా మైనరు హక్కును వదులుకునే అధికారం తల్లికి లేదు. అయినా "నా బిడ్డకు గానీ" అన్న ముక్కను ప్రతి ఒప్పందంలోనూ ఇరికిస్తారు. ఆ ముక్క కొట్టేయించండి.

పసుపు కుంకుమ కింద పుట్టింటివారు ఇచ్చిన పొలం, పెళ్లినాటి నగలు స్త్రీధనం. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, అది పూర్తిగా ఆమెదేననీ, ఆమె అనుమతి లేకుండా కన్నతండ్రి కూడా దాన్ని అడగజాలడనీ 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల మీ అనుమతి లేకుండా మీ బదులు నాన్నగారు సంతకం చేసినా చెల్లదు. ఆ పొలం పాస్‌బుక్ ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోండి. చాలా ఇళ్లలో అది ఎప్పుడో అల్లుడి పేరు మీదికి మారిపోయి ఉంటుంది.

పెద్దమనుషుల కాగితం విడాకులు కాదు. అటువంటి కులాచారం ఉన్నదని రుజువు చేయగలిగితే తప్ప, కోర్టు డిక్రీ వచ్చేవరకు మీరు భార్యే. ఆ లోగా భర్త వీలునామా లేకుండా మరణిస్తే బిడ్డలతో, అత్తగారితో సమానంగా మీకూ వాటా వస్తుంది. డిక్రీ తర్వాత రాదు.

ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం చేయవద్దు. తేదీ లేని చెక్కు తీసుకోవద్దు. నగలను తూకం వేయించి, ఒక్కొక్కటీ పేరుతో రాయించకుండా పుచ్చుకోవద్దు. పరస్పర అంగీకారంతో విడాకుల పిటిషన్ వేశాక ఆరు నెలల గడువు ఉంటుంది, కోర్టు తలిస్తే దాన్ని తగ్గించవచ్చు. ఆ గడువులో "ముందు రసీదు ఇవ్వమ్మా, డబ్బు ఎక్కడికి పోతుంది" అంటారు. ఇవ్వవద్దు. చివరి వాయిదానాడు, జడ్జి ఎదుట, డీడీ చేతికి వచ్చాకే ముట్టిందని రాయండి. మేనమామ చెప్పినా, సర్పంచి చెప్పినా, మీ వకీలే చెప్పినా ముట్టకముందే రాయవద్దు. చదవని పేజీ మీద సంతకం వద్దు. మీ సంతకం ఉన్న ప్రతి కాగితానికీ అక్కడికక్కడే నకలు అడగండి. వకీలుకు ఫీజు ఇవ్వలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. వెళ్లేటప్పుడు నగల బిల్లులు, పెళ్లి ఫోటోలు, శుభలేఖ నకళ్లు తీసుకువెళ్లండి, అసలువి పుట్టింట్లోనే ఉంచండి.